గాలికి ఎదురుగా చల్లిన కారం

1999 ఆగస్టులో నన్ను మా దినపత్రిక గుంటూరు ఎడిషన్‌లో వార్తల డెస్క్ నుంచి ఆదివారం పేజీలకు మార్చారు. హోదా చీఫ్ సబ్ ఎడిటర్. వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ, నా ఏలుబడిలో ఉన్నది ఒక సబ్ ఎడిటర్, వారానికి మూడు రోజులు వచ్చే ఆర్టిస్టు, తలుపు సరిగ్గా పడని ఒక ఇనప బీరువా. గుంటూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు పంపే వ్యాసాలు చదివి, ఏరి, దిద్ది, ఆదివారానికి నాలుగు పేజీలు నింపడం మా పని.

ఆ జూలైలోనే కార్గిల్ యుద్ధం ముగిసింది. అంతకుముందు స్థల పురాణాలతో, వంటింటి చిట్కాలతో నిండే బీరువా ఒక్కసారిగా యుద్ధాలతో నిండిపోయింది. సైన్యంలో పనిచేసినవాళ్ళు రాశారు, వాళ్ళ బావమరుదులు రాశారు. బాపట్ల స్టేషన్లో మిలిటరీ రైలు ఆగినప్పుడు జవాన్లకు మంచినీళ్ళు అందించిన ఒక పెద్దాయన ఆ ఘట్టాన్ని పదహారు పేజీలు రాశారు. రైలు రావడానికే పద్నాలుగు పేజీలు పట్టింది.

యుద్ధ వ్యాసం దిద్దడంలో నాకొక పద్ధతి ఉండేది. రోడ్డు ప్రమాదాల వార్తలు దిద్దే రోజుల్లో అలవాటైంది. వ్యాసంలో చెప్పిన కాలువ, చేను, గట్టు, ఊరు ఒక తెల్ల కాగితం మీద గీసుకుంటాను. ఆ తర్వాత వ్యాసం మొదటి వాక్యం నుంచి చదువుతూ, మనుషులు ఎటు కదిలితే పెన్సిల్ అటు జరుపుతాను. రాసింది సవ్యంగా ఉంటే పెన్సిల్ కాగితం మీద నుంచి లేవకుండా చివరిదాకా పోతుంది. ఎక్కడైనా ఎత్తి పక్కన పెట్టాల్సి వచ్చిందంటే అక్కడ రచయిత ఏదో మింగేశాడని లెక్క. ఆ చోట మార్జిన్లో పెన్సిల్‌తోనే ప్రశ్న రాస్తాను. ఎర్ర సిరా దిద్దుబాటుకు మాత్రమే. అది రచయిత జవాబిచ్చాకే బయటికి తీసేదాన్ని. ప్రశ్నకు ఎర్ర సిరా వాడితే రచయితకు బడిలో మార్కులు పోయినట్టు ఉంటుంది, జవాబు రాదు.

సెప్టెంబరులో దర్శి దగ్గరి ఒక పల్లె నుంచి వ్యాసం వచ్చింది. పేరు ‘మిరప కారానికి లొంగిన బంకర్’. రచయిత కెప్టెన్ వెంకటేశ్వర్లు, రిటైర్డ్. 1971 యుద్ధంలో పడమటి సరిహద్దున జరిగిన ఒక చిన్న పోరు గురించి. తెల్లవారకముందు వీళ్ళ సెక్షన్, అంటే ఒక నాయక్ కింద నడిచే చిన్న జట్టు, ఎండిన కాలువ గట్టు దాటి శత్రువు బంకర్ మీదికి వెళ్ళింది. ఎదురుగాలి ముఖాల్ని కోస్తోంది. బంకర్లోంచి తుపాకులు గర్జిస్తున్నాయి. అప్పుడు మన కథానాయకుడు వాళ్ళమ్మ పార్సిల్లో పంపిన కారం డబ్బా మూత తీసి, గుప్పిళ్ళతో శత్రువుల కళ్ళల్లోకి చల్లాడు. వాళ్ళు కళ్ళు నలుపుకుంటూ చేతులెత్తేశారు. జెండా ఎగిరింది.

మా ఎడిషన్ ఇన్‌చార్జి రామ్మోహన్ గారు అది చదివి కుర్చీలోంచి లేచారు. “మొదటి పేజీ! యార్డులో మిరప బస్తాల ఫొటో పెద్దది వేద్దాం. ఈ ఆదివారమే!” అన్నారు. మిరప ఊరు పేపరుకు ఇంతకంటే ఏం కావాలి? నాకూ నోరూరింది. అయినా పద్ధతి పద్ధతే కనుక కాగితం మీద కాలువ గీశాను.

పెన్సిల్ మూడు చోట్ల లేచింది. గట్టు దగ్గర ఎనిమిది మంది బయలుదేరారు, బంకర్ దగ్గర ఏడుగురున్నారు. చనిపోయినట్టు ఎక్కడా లేదు. రెండోది, గట్టు దగ్గర చీకటి, బంకర్ చేరేసరికి ఎండ. మధ్యలో ఉన్నది ఒక చేను. అంత సేపు పట్టే చేను కాదు. మూడోది కారం. ఎదురుగాలిలో చల్లితే ఆ కారం ఎవరి కళ్ళల్లో పడుతుంది? మా ఇంట్లో ఏటా కారం దంచేటప్పుడు గాలి వాలు చూసుకుని పీట వేసుకునేవాళ్ళం. ఈ సంగతి దర్శి మనిషికి తెలియకపోవడమా! మూడు చోట్లా మార్జిన్లో “ఇది ఎలా సాధ్యం?” అని రాసి, వ్యాసం నకలు పోస్టులో పంపాను.

జవాబు పోస్టులో రాలేదు. ఆయనే వచ్చారు. ఇస్త్రీ చొక్కా, మెలితిప్పిన మీసం, మెట్ల మీద బూట్ల చప్పుడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మా ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఎవురూ అడగని మాట మీరడిగారు మేడమ్,” అన్నారు. “నేను అబద్ధాలాడానంటారా?”

“నేను మిమ్మల్ని ఏమీ అనలేదండి. నా పెన్సిల్ ఆగిపోయింది, అంతే,” అని నేను గీసిన పటం ఆయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని చూసి తట్టుకోలేకపోయారు. కోపం సంగతి మరిచిపోయి, “కాలువ ఇట్టా గీశారేంది? వంపు ఇటు గదా తిరగాల్సింది! చెరుకుతోట యాడ? బంకర్‌ని ఇంత బయట పెడితే ఎవుడైనా కొట్టేస్తాడు,” అంటూ కూర్చుని నా చేతిలోంచి పెన్సిల్ లాక్కున్నారు. సైనికుడికి తప్పు పటం చూపిస్తే ఊరుకోలేడని నాకు ఆవేళే తెలిసింది. కాలువ సరిచేశారు, తోట పెట్టారు, చేనులో మందుపాతరలున్న మేరను గళ్ళు గళ్ళుగా నింపారు. మందుపాతరల మధ్య సాపర్లు, అంటే దారులు వేసే సైనిక ఇంజనీర్లు, ముందుగా వెళ్ళి ఒక సన్నని బాట శుభ్రం చేసి, రెండు పక్కలా తెల్ల పట్టీ పరుస్తారట. ఆ పట్టీల మధ్య నడిస్తేనే ప్రాణానికి పూచీ. ఆ బాట సగం దాకా గీశాక పెన్సిల్ ఆగింది. ఆయనే ఆపారు.

టీ తెప్పించాను. తాగి, గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా చెప్పారు.

“మేం పొయ్యేసరికి బంకర్లో ఎవురూ లేరండి. తెల్లారకముందే ఖాళీ చేసిపోయారు. పొయ్యి మీద పప్పు మాత్రం ఉంది. ఉప్పూ కారం లేని చప్పిడి పప్పు. శత్రువు వొదిలేసిన తిండి ముట్టుకోకూడదని ఆర్డరు. నాకేమో కడుపు మాడిపోతోంది. అమ్మ పంపిన కారం అందులో కలిపి తిన్నాను. మేజర్ సాబ్ పట్టుకుని చెడామడా తిట్టాడు. ఆ యుద్ధంలో మా అమ్మ కారం చేసిన పని అదేనండి.”

నాకు నవ్వాగలేదు. ఆయన కూడా మీసం కింద నవ్వారు గానీ, వెంటనే ముఖం ముడుచుకుపోయింది.

సెలవు మీద ఊరికి వెళ్ళినప్పుడు కారం బాగా పనికొచ్చిందని తల్లితో అన్నారట. ఆవిడ పక్కింటావిడతో చెప్పింది. మళ్ళీ సెలవుకు వచ్చేసరికి ఊళ్ళో శత్రువు కళ్ళల్లో కారం కొట్టిన వీరుడి బుర్రకథ తయారైపోయింది. తిరునాళ్ళకు ఎడ్లబండి మీద ప్రభ కట్టి కదిలించే ముందు మొదటి కొబ్బరికాయ ఈయన చేతే కొట్టించడం మొదలుపెట్టారు. ఆయన నిజానికి నాయబ్ సుబేదార్‌గా రిటైరయ్యారు. కెప్టెన్ హోదా కూడా ఊరు ఇచ్చుకున్నదే.

“ఇప్పుడు నిజం అచ్చువేస్తే ఊళ్ళో తలెత్తుకుని తిరగలేను. నా వ్యాసం నాకిచ్చెయ్యండి,” అన్నారు.

వ్యాసం వెనక్కి తీసుకోవడం రచయిత హక్కు. ఇచ్చేశాను. ఇస్తూ, “కారం సంగతి తేలింది. ఎనిమిదో మనిషి సంగతి చెప్పలేదు మీరు,” అన్నాను.

మెట్ల దగ్గర ఆగారు. “కోటయ్య. దాచేపల్లి వాడు. పాతర పేలి పాదం పోయింది. బుర్రకథలో వాడు లేడు,” అని దిగి వెళ్ళిపోయారు.

రామ్మోహన్ గారికి సంగతి చెబితే తల పట్టుకున్నారు. “నిన్ను ఎవరు గీయమన్నారమ్మా కాలువలూ చెరుకుతోటలూ!” అన్నారు. ఆ ఆదివారం మొదటి పేజీలో గోంగూర రకాలు వేశాం. ఆయన రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాకు మాత్రం గోంగూర కంటే ఆ కోటయ్య గురించే బెంగగా ఉంది. ఒక మనిషి పాదం పోగొట్టుకున్న యుద్ధంలో అతని పేరే లేకుండా ఇన్నేళ్ళు కథ నడిచిందంటే మనసుకు కష్టమనిపించింది.

దసరా వెళ్ళాక వెంకటేశ్వర్లు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి బూట్ల చప్పుడుతో పాటు ఇంకో చప్పుడు వినిపించింది. ఒక అడుగు మామూలుగా, ఒక అడుగు కొయ్య మీద కొట్టినట్టు. కోటయ్య గారు. బక్కపలచని మనిషి, నోటినిండా నవ్వు. దాచేపల్లి సెంటర్లో ఎస్టీడీ బూత్ నడుపుతున్నారట. మాజీ సైనికుల కోటాలో వచ్చింది.

కొత్త వ్యాసం నా ముందు పెట్టారు. పేరు ‘వీరుడు కోటయ్య’. కారం లేదు. రచయిత పేరు ముందు కెప్టెన్ కూడా లేదు. బదులుగా కోటయ్య గారు సెక్షన్‌కు ముందు నిలబడి, తోటివాళ్ళకు దారి చూపుతూ, ఛాతీ విరుచుకుని మందుపాతరల మీదికి నడిచారు. వాళ్ళిద్దరూ చూస్తుండగానే నేను పటం తీసి పెన్సిల్ నడిపాను. తెల్ల పట్టీల మధ్య సగం దూరం పోయి ఆగింది.

“సుబేదార్ గారూ, బాటలో పాతరలు తీసేశారు కదా. ముందు నడిచే మనిషి కాలికి పాతర ఎలా తగిలిందండి?”

ఆయన కిటికీ వైపు చూశారు. కోటయ్య గారు మాత్రం పగలబడి నవ్వారు.

“చెప్పానా ఒరేయ్, ఈ మేడమ్ కనిపెట్టేస్తుందని! నన్ను వీరుణ్ణి చెయ్యమాకండి మేడమ్. నేను ముందు గాదు, చిట్టచివర. చలికి ఆగలేక ఒంటేలు పోసుకుందామని పట్టీ దాటి రెండడుగులు పక్కకేశా. సాపర్లు అంత కష్టపడి బాటేస్తే, నేను ఎంచక్కా పక్కకు పొయ్యి తొక్కాను. అదీ నా వీరత్వం!”

“వాడి పరువు పోతుందండీ, అట్టా ఎట్టా రాస్తాం?” అన్నారు వెంకటేశ్వర్లు గారు.

“నా పరువు నాకొదిలెయ్. నీ సంగతి రాశావా?” అన్నారు కోటయ్య గారు. అంటూనే నా చేతిలోంచి పెన్సిల్ తీసుకున్నారు. తెల్ల పట్టీ దాటి, గళ్ళు నింపిన చోటికి ఒక గీత గీశారు.

“నేను ఇక్కడ పడున్నా. చుట్టూ పాతరలే, యాడున్నయ్యో తెలీదు. ఎవురూ రావద్దని నేనే అరిచా. ఈయన పట్టీ దాటి వొచ్చాడు. బాయ్‌నెట్టుతో మట్టి గుచ్చుకుంటా, పొట్ట మీద పాక్కుంటా, జానెడు జానెడు జరుగుతా వొచ్చాడు. నన్ను వీపు మీదేసుకుని వొచ్చిన జాడలోనే వెనక్కి పొయ్యాడు. గట్టు కాడ డోలీ వాళ్ళకు అప్పజెప్పి, మళ్ళీ సెక్షన్ దగ్గరికి పరిగెత్తాడు. అందుకే మేడమ్, చీకట్లో బయల్దేరినోళ్ళు ఎండెక్కినాక చేరింది.”

గీత కాలువ గట్టుకు వచ్చి, మళ్ళీ బాటలో పడి, బంకర్ దాకా పోయింది. పెన్సిల్ ఎక్కడా లేవలేదు. నా మూడు ప్రశ్నల్లో రెండింటికి అది జవాబు. ముగ్గురికీ టీ చెప్పాను.

టీ వచ్చాక, ఇది ఎందుకు రాయలేదని వెంకటేశ్వర్లు గారిని అడిగాను.

“అది యుద్ధం గాదు గదండీ. వాడు పడ్డాడు, తెచ్చాను. సెక్షన్ కమాండర్ని, నా మనిషిని నేను తెచ్చుకోపోతే ఎట్టా? దాంట్లో రాయడానికేముంది?” అన్నారు. వినయం ప్రదర్శించడం కాదది. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారు. కారం చల్లడం వీరత్వమని, పొట్ట మీద పాకడం రోజువారీ పని అని.

ఎర్ర సిరా అప్పుడు తీశాను. ముగ్గురం కూర్చుని సాయంత్రానికి దిద్దాం. ‘గర్జించిన తుపాకులు’ కొట్టేశాను. ‘ఛాతీ విరుచుకుని’ కోటయ్య గారే కొట్టేశారు. ఒంటేలు సంగతి ఉండాల్సిందేనని పట్టుబట్టారు. పొట్ట మీద పాకిన సంగతి, పప్పులో కారం కలిపిన సంగతి చేర్చడానికి వెంకటేశ్వర్లు గారు చివరికి ఒప్పుకున్నారు. రామ్మోహన్ గారు అది చూసి కాస్త జంకారు గానీ, వ్యాసం చివరిదాకా చదివి మొదటి పేజీకి పంపారు. యార్డు ఫొటో కూడా వదులుకోలేదు. ‘శత్రువు పప్పులో కలిసిన మన కారం’ అని వ్యాఖ్య రాయించి, లోపలి పేజీలో వేయించారు.

ఊళ్ళో తలెత్తుకోలేనన్న మనిషి సంగతి నాకు మార్చిలో తెలిసింది. శివరాత్రి తిరునాళ్ళకు ఇద్దరూ కలిసి కొబ్బరికాయ కొట్టిన ఫొటోను మా దర్శి విలేకరి పంపాడు. బుర్రకథ వాళ్ళు మాత్రం కారం ఘట్టం తీసేయడానికి ఒప్పుకోలేదట. బండ్లు కట్టుకుని తిరునాళ్ళకు వచ్చే జనం అదే అడుగుతున్నారని, దాని తర్వాత కోటయ్య ఘట్టం కలిపారట. కథ నిడివి పెరిగింది.

పెన్సిల్ లేచిన చోట రచయిత తప్పు దాస్తున్నాడని అంతవరకూ నా నమ్మకం. సగం సార్లు అది నిజమే కూడా. కానీ మనిషి తను చేసిన మంచి పనిని కూడా, అది లెక్కలోకి రాదనుకుని, అదే చోట వదిలేసి పోతాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో వ్యాసాలకు మార్జిన్లలో ప్రశ్నలు రాశాను. “ఇది ఎలా సాధ్యం?” అని మళ్ళీ రాయలేదు. “ఆ సమయంలో మీరు ఏం చేస్తున్నారు?” అని రాశాను. జవాబులు పొడుగ్గా వచ్చేవి.