దర్జీ భార్య కొలతలు

ముప్పై ఏళ్లుగా అందరి ఒంటికీ అతికినట్టు బట్టలు కుట్టిన దర్జీకి, తాను తొడుక్కోవాలని మనసుపడ్డ ఆడవాళ్ల జీన్స్ మాత్రం కుదిరి చావలేదు. నడుము సరిపోతే తుంటి దగ్గర సంచిలా వేలాడేది. తానే కుట్టుకుందామంటే పనివాళ్ల కంట పడుతుందని భయం. అందుకే బట్టల కొట్టుకు వెళ్లి, ప్రతిసారీ "మా ఆవిడకి" అనేవాడు.

ఆ రోజు వృత్తి అలవాటు కొద్దీ నోరు జారాడు. "తుంటి రెండంగుళాలు తగ్గాలమ్మా. ముందు కాస్త వదులుండాలి."

"ఆంటీ అంత సన్నమా అంకుల్!" అంది కొట్టులోని అమ్మాయి.

అంతలో అతను ఇంట్లో మరిచిన గొడుగు పట్టుకుని భార్య లోపలికొచ్చింది. గుమ్మం నిండా మనిషి. దర్జీ చేతిలోని జీన్స్ వెనక్కి దాచబోయాడు.

ఆమె జీన్స్ అందుకుని అతని నడుముకు ఆనించి చూసింది.

"పొడుగు చాల్లేదు, ఇంకోటి తియ్యమ్మా. నా పేరు చెప్పి కొన్న నాలుగూ ఈయనకి చీలమండల పైకే ఉంటాయి."