నాడె కూర్చునే పెట్టె

ఈ నెలాఖరు దాటితే ఇది రాసి ప్రయోజనం ఉండదు. అందుకే దుఃఖం కాస్త తగ్గాక రాద్దామని ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను. మా పెద్దనాయన పోయాడు. ధర్మవరంలో ఆయన అద్దెకున్న ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేయాలి. ఆయన వెంట బండి మీద తిరిగిన కుక్క ఎక్కడ ఉండాలో ఆలోగా తేలాలి. ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం దాకా మగ్గాలున్న ఇళ్లలో చాలామంది ఆయన్ని ఎరుగుదురు. పేరు తెలియనివాళ్లు కూడా "కుక్కను వెనక పెట్టెలో కూర్చోబెట్టుకుని వచ్చే జకార్డాయన" అంటే గుర్తుపడతారు.

నేను హిందూపురంలో ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ ఒక చిన్న బడిలో చదువు చెబుతున్నాను. ఆ పొద్దు బడికి తయారవుతుంటే పెద్దనాయన ఎదురింటి అవ్వ ఫోన్ చేసింది. పోయాడన్న మాట ఆమె నోట రాలేదు.

"పాపా, బండి వాకిట్లోనే ఉండాది. నాడె ఎక్కి కూచోనుండాది. మీ పెద్దనాయన ఇంకా ల్యాలేదమ్మా. పిలిస్తే పలకల్యా" అంది.

నాడె ఆయన కుక్క. మగ్గం మీద పోగును ఈ కొస నుంచి ఆ కొసకు మోసుకుపోయేదాన్ని నాడె అంటాం. పిల్లగా ఉన్నప్పుడు అది వాకిలికీ వంటింటికీ మధ్య అట్లాగే తిరుగుతుండేదని మా పెద్దమ్మ ఆ పేరు పెట్టింది. అవ్వ చెప్పింది వినగానే నాకు అర్థమైపోయింది. నాడె బండెక్కి కూర్చున్నాక పెద్దనాయన పడుకుని ఉండడం ఎప్పుడూ జరగలేదు.

నా చిన్నప్పుడే అమ్మా నాయనా బెంగళూరులో గార్మెంట్స్ పనికి పోతూ నన్ను పెద్దనాయన దగ్గర వదిలారు. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. ఇద్దరూ ఒకే చెక్క పలక మీద పక్కపక్కన కూర్చుని పట్టుచీరలు నేసేవాళ్లు. నేను ఆ మగ్గం పక్కనే కూర్చుని ఎక్కాలు చదివాను. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. పెద్దనాయనకు అక్షరాలు రావు. అయినా నేను చదువుతున్నంతసేపు మగ్గం చప్పుడు తగ్గించి నేసేవాడు.

నడుము నొప్పి వచ్చాక ఆయన నేయడం మానేసి జకార్డులు బాగుచేయడానికి ఊళ్లు తిరిగేవాడు. జకార్డు మగ్గం నెత్తిన ఉంటుంది. చీర అంచులో నెమలి రావాలంటే చిల్లుల అట్టలు చెప్పినట్టు అది దారాలను లేపాలి. అది మొరాయించిందంటే ఆ ఇంట్లో పని నిలిచిపోయినట్టే. ఫోన్ వచ్చిందంటే పెద్దనాయన సంచి తీసుకుని పాత మోటార్‌సైకిల్ మీద బయలుదేరేవాడు.

పెద్దమ్మ పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆయనా, నాడే. నేను అప్పటికే హాస్టల్లో చేరాను. ఆయన పనికి పోతూ నాడెను లోపల పెట్టి గొళ్లెం వేసేవాడు. అది పొద్దున మొదలుపెట్టి, సాయంత్రం వీధి మలుపులో బండి చప్పుడు వినబడేదాకా ఏడ్చేది. పెట్టిన అన్నం ముట్టేది కాదు. కొన్నాళ్లు ఓర్చుకున్న ఎదురింటి అవ్వ ఒకరోజు ఆయన్ని వాకిట్లోనే నిలబెట్టి అడిగింది.

"ఏమబ్బా, నువ్వు పొయ్యేది హిందూపురానికి, ఏడుపు ఇనేది మేమా? పెండ్లాము పోతే నువ్వన్నా ఇంత ఏడ్చినావో లేదో!"

"నా వంతు గూడా అదే ఏడుస్తాంది లే అత్తా" అన్నాడట పెద్దనాయన.

ఆ వారమే దాన్ని బండి మీద తీసుకుపోవడానికి పెట్టె కట్టడం మొదలుపెట్టాడు. మొదటిది టమోటాల క్రేటు. ట్యూబు ముక్కలతో బండి వెనక బిగించాడు. నాడె కాళ్లు అడుగున ఉన్న కంతల్లో దిగబడ్డాయి. బండి వీధి చివరిదాకా కూడా పోలేదు.

రెండోది చంద్రికతో చేశాడు. పట్టుపురుగులు గూళ్లు కట్టే వేళకు వాటిని వదిలే వెదురు తడకను మా వైపు చంద్రిక అంటారు. రొద్దం దగ్గర పురుగులు పెంచే ఒకామె, ప్లాస్టిక్‌వి వచ్చాయని పాతది పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. తేలికగా ఉంటుంది, గాలి ఆడుతుంది, వంచితే వంగుతుంది. దాన్ని కోసి అడుగు, పక్కలు కట్టాడు. పెండ్లికూతురిని మోసుకొచ్చే గంప లాగా ఉందని వీధంతా వచ్చి చూసి మెచ్చుకుంది. నాడె పిలవకుండానే ఎక్కింది. అనుమానం అక్కడే రావాల్సింది.

పెనుకొండలో టీ తాగుదామని ఆయన బండి ఆపాడు. టీ అంగడి ఆమె గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"ఏమప్పా, కుక్కకు కూడు పెట్టవా? బండిని తింటాండాది సూడు!"

దిగి చూస్తే పెట్టె అడుగు సగం లేదు. ఎన్నో విడతల పట్టుపురుగుల వాసన ఆ వెదురులో ఇంకిపోయి ఉంది. నాడె దారి పొడుగునా దాన్ని కొరుక్కుంటూ వచ్చింది. ఆ పెట్టెను చూసినవాళ్లందరూ పట్టు మధ్య పుట్టి పెరిగినవాళ్లే. ఒక్కరి ముక్కుకూ ఆ వాసన తగల్లేదు. మాకు అది గాలి లాంటిది. వేరే ఊళ్లో ఎవరైనా అయితే చంద్రికను ముట్టగానే ముక్కు మూసుకునేవాళ్లు, ఈ తిప్పలు తప్పేవి.

ఆ రోజు ఆయన పని మానుకుని, నాడెను ముందు ట్యాంకు మీద చేతుల మధ్య పెట్టుకుని నెమ్మదిగా ఇల్లు చేరాడు. ఎవరు నవ్వినా ఒకటే జవాబు: "మనం బతికేది పట్టు మీద. అదీ పట్టు మీదనే బతకాలనుకునె. దాని తప్పేముండాది?"

మూడోదానికి నేను ఉన్నాను, బడికి సెలవులు. వెల్డింగ్ షాపులో ఇనుప పట్టీలతో చట్రం చేయించుకొచ్చాడు. అడుగుకు ఏం వేద్దామని ఇంట్లో చాలాసేపు వెతికి, చివరికి పాత మగ్గం దగ్గరి పలక బయటికి తీశాడు. ఆయనా పెద్దమ్మా కూర్చుని నేసిన పలక. రెండు చోట్ల పల్లంగా అరిగి ఉంది. పెద్దమ్మ కూర్చున్న వైపు చట్రానికి సరిపోయేంత ముక్క కోశాడు.

పక్కలకు జకార్డు తాళ్లతో వల అల్లాం. నేను కొసలు పట్టుకున్నాను.

"బిగువు పట్టు పాపా, బిగించొద్దు" అనేవాడు మాటిమాటికీ. "బిగిస్తే తెగుతాది. వదిలితే చిక్కు పడతాది."

పడిపోకుండా నాడెకు ఒక పట్టీ కూడా కుట్టాడు. మెడకు కడదామన్నాను. ఒప్పుకోలేదు. బండి కుదిపితే మెడ పట్టుకుంటుందని, రొమ్ము చుట్టూ వచ్చేట్టు, లోపల పాత చీరగుడ్డ పెట్టి కుట్టాడు. కుడుతుండగా అడిగాను. "ఇంత అవస్థ ఎందుకు పెద్దనాయనా? అవ్వ వాళ్లింట్లో వదిలి పోవచ్చు కదా."

సూది ఆపకుండానే చెప్పాడు. "మీ పెద్దమ్మ ఆస్పత్రిలో ఉన్నెప్పుడు లోపలికి రానీకపోయిరి. బయట మెట్ల మీద కూచోని ఎదురు సూసినా. అది ఎట్లుంటాదో నాకు తెలుసు పాపా. నోరుండేవాన్ని, నలుగుర్ని అడిగేవాన్ని, నాకే ఓర్చుకోను కాలేదు. నోరు లేనిదాన్ని యాడ వదిలిపెట్టి పోయేది?"

ఆ మాట తర్వాత నేను పట్టీ కొసలు ఇంకా జాగ్రత్తగా పట్టుకున్నాను.

పెట్టె అయ్యాక కుక్కను ఎక్కించలేదు. నిండా నీళ్లు పోసిన బిందె పెట్టి వీధంతా తిరిగాడు. నీళ్లు తొణికితే పెట్టె ఊగుతున్నట్టు, లేదా తాను తొందరపడుతున్నట్టు. ఎదురింటి అవ్వ ఊరుకుంటుందా?

"హిందూపురంలో నీళ్లు లేవని ఈడ్నించి మోస్తాండావా ఏమబ్బా?"

"అవునత్తా, నువ్వూ ఒక బిందె ఇయ్యి" అన్నాడు.

నీళ్లు తొణకడం ఆగాక నాడె వంతు వచ్చింది. మొదట బండి కదలకుండా పెట్టెలోనే అన్నం పెట్టాడు. అది అలవాటయ్యాక ఇంజన్ స్టార్ట్ చేసి, కదలకుండానే పెట్టాడు. ఆ తర్వాత వీధి చివరిదాకా. "దాని భయం దిగినాకనే బండి కదలాల" అనేవాడు. నేను హాస్టలుకు వచ్చేశాక ఒక పొద్దు ఆయన చెప్పులు తొడుక్కోకముందే నాడె తనంతట తాను ఎక్కి ఆ పల్లంలో కూర్చుంది. ఆ రోజు ధర్మవరం నుంచి హిందూపురం దాకా పోయి వచ్చారు. ఇంటికి రాగానే నాకు ఫోన్ చేసి, "అన్నం తినిందమ్మా" అన్నాడు. అంతే చెప్పి పెట్టేశాడు.

అప్పటి నుంచి సెలవులకు వస్తే నన్ను తిరిగి హాస్టల్లో దింపడం కూడా ఆ బండి మీదే. ముందు పెద్దనాయన, మధ్యలో నేను, వెనక పెట్టెలో నాడె. దాని ఊపిరి నా మెడకు తగిలేది. ఆయనకు దారిలో ఒక అలవాటు ఉండేది. ఏ బోర్డు కనబడినా తల కొంచెం వెనక్కి తిప్పి, "ఆడేమి రాసినారు పాపా?" అని అడిగేవాడు. పంక్చర్ షాపు అని చెప్పేదాన్ని. ఎరువులు, పురుగుమందులు అని. పెండ్లికొడుకు ఫ్లెక్సీ మీద ఉన్న స్నేహితుల పేర్లన్నీ చదివించేవాడు. ఆ దారిలో ఏ అంగడి ఎక్కడుందో ఆయనకు తెలియక కాదు. నేను చదువుతుంటే వినాలి, అంతే.

ఒకసారి పెనుకొండ దగ్గర నాడెను దింపాం. అది ఒక గోడ దగ్గర కాలెత్తుతుండగా ఆ గోడ మీద రాసింది చదవమన్నాడు. చదివాను: ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు.

"నాకు చెప్తే ఏం లాభం, దానికి చెప్పు" అన్నాడు. తర్వాత నాడె వైపు తిరిగి, "సదువుకోరా అంటే ఇనకపోతివి" అని కోప్పడ్డాడు. ఆయన అంతగా నవ్వడం పెద్దమ్మ పోయాక నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు హిందూపురం నుంచి ధర్మవరానికి బస్సులో వస్తున్నాను. కిటికీ పక్కన కూర్చుంటాను. బోర్డులు అవే. నాకు తెలియకుండానే చదువుతుంటాను. మొన్న పక్కన కూర్చున్నామె, "జపం చేస్తాండావా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను.

నాడె ఎదురింటి అవ్వ పెట్టింది కొంచెం తింటోంది. రాత్రి గడప దగ్గర పడుకుంటుంది. తెల్లవారగానే బండెక్కి పెట్టెలో కూర్చుంటుంది. ఎండ ముఖం మీదికి వచ్చేదాకా దిగదు. ఏడవదు. ఏడ్చినా బాగుండేదని అవ్వ అంటుంది.

ముదిగుబ్బలో గొర్రెలు మేపే ఒకాయన దాన్ని తీసుకుపోతానన్నాడు. మంచి మనిషి. మంద వెంట ఉంటే తిండికి కరువుండదు. అమ్మ కూడా ఫోన్లో అదే చెప్పింది.

"ఇచ్చెయ్ పాపా. మేముండేదే ఒక గది. నువ్వుండేది హాస్టలు. యాడ పెడతావు దాన్ని?"

"అది బండెక్కి కూర్చుంటోంది అమ్మా."

"కుక్కలు మర్చిపోతాయిలే."

"ఇది మర్చిపోలేదు."

"మీ పెద్దనాయన మాదిరే మాట్లాడతాండావు" అంది అమ్మ.

ఎక్కి కూర్చోవడం దానికి మేమే నేర్పాం. అన్నం పెట్టి, భయం పోగొట్టి నేర్పాం. ఎక్కితే మనిషి వస్తాడు, బండి కదులుతుంది అని అది నమ్మింది. మంద వెనక పరిగెత్తించడానికి ఆ నమ్మకాన్ని తీసేయాలంటే నాకు చేతకావడం లేదు.

అందుకే బండి నేర్చుకుంటున్నాను. ప్రతి శనివారం రాత్రికి ధర్మవరం వచ్చి ఆ ఇంట్లోనే పడుకుని, ఆదివారం పెట్టెలో బిందె పెట్టి ఆ వీధిలోనే తిరుగుతున్నాను. మొదటి ఆదివారం బిందె సగమైంది, నా వీపు తడిసింది. అవ్వ వాకిట్లో నిలబడి, "నీళ్లు మోసేది మీ వంశానికి రాసిపెట్టినారా ఏం పాపా?" అంది. అని లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. ఇప్పుడు అంచు వరకే తొణుకుతున్నాయి. నాడె అరుగు మీద కూర్చుని బండిని కాదు, బిందెను చూస్తుంటుంది. దాని చోటు కదా. బిందె దించగానే ఎక్కి, తడి పలక మీదే కూర్చుంటుంది.

నేను పనిచేసే బడిలో, బండి నీడన నాడెను ఉండనిస్తామన్నారు. కావలసింది రాత్రికి చోటు. హిందూపురంలో గానీ చుట్టుపక్కల గానీ ఒక ఆడపిల్లనూ ఒక కుక్కనూ ఉండనిచ్చే చిన్న గది మీ ఎరుకలో ఉంటే చెప్పండి. గది ఎంత చిన్నదైనా సరే, వాకిట్లో బండి పెట్టుకునే జాగా ఉండాలి. పెద్దనాయన ఎప్పుడైనా మీ ఇంటి జకార్డు బాగుచేసి ఉంటే, ఆ పొద్దు మీ గడప దగ్గర నాడె కూర్చునే ఉంటుంది. అది ఎట్లాంటిదో మీకు తెలుసు.

ఈ పత్రికకు రాస్తే నాకు అందుతుంది. ఈ నెల ఇరవై అయిదో తేదీలోగా ఉందనో, లేదనో ఒక్క మాట రాయండి. లేదని అయినా రాయండి. పొద్దున్నే నేను తలుపు తీసేసరికి అది పెద్దమ్మ పలక మీద కూర్చుని ముందు సీటు వైపు చూస్తుంటుంది. దానికి నేను ఏదో ఒకటి చెప్పాలి.