తీర్పు తేలేదాకా లేవకూడని పీట

మైపాడు దాటాక సముద్రం పక్కనే ఉన్న మా ఊళ్ళో తగాదా వస్తే, అది స్టేషను దాకా పోకముందే వలల షెడ్డు కింద తేల్చుకుంటారు. మగవాళ్ళంతా ఇసుకలో కూర్చుంటారు. మా ఇంటి పెద్ద మాత్రం టేకు పీట మీద కూర్చుంటాడు. తీర్పు చెప్పేదాకా ఆయన లేవకూడదు. ఆయన లేవనిదే మరెవరూ లేవకూడదు. మధ్యలో లేస్తే పీట వదులుకున్నట్టే. ఎడమ పక్కన కూర్చునే ఇంటివాళ్ళు దాన్ని తీసుకోవచ్చు. ఆ ఇల్లు మా అక్కను చేసుకున్న బావది.

ఒకప్పుడు ఈ రేవులో సగం పడవలు మావే. రొయ్యల గుంటలకు తెగులు సోకాక గుంటలు పోయాయి, వాటి వెనకే పడవలూ మిద్దె ఇల్లూ పోయాయి. ఇప్పుడు నేను వేరొకరి ఐసు షెడ్డులో చేపల తూకం చూస్తున్నాను. పీట ఒక్కటే మిగిలింది. దాని మీద కూర్చున్నప్పుడు నేను వెనకున్న గుంజకు వీపు ఆనించను. మా నాయన కూడా ఎన్నడూ ఆనించలేదు.

సభ ఉన్న రోజు నాయన పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. తీర్పు చెప్పే మనిషి నిష్ఠగా ఉండాలని ఊరు అనుకుంది. మేమూ అలాగే అనుకున్నాం. ఇంటికి వచ్చాక మాత్రం పెరటి గోడ వెనక చాలాసేపు నిలబడిపోయేవాడు. కొన్నాళ్ళకు నడుం నొప్పి మొదలైంది. ఆముదం కాచి రుద్దాం, పడవ లాగిన ఒళ్ళు గదా అనుకున్నాం. ఆస్పత్రికి తీసుకుపోయేనాటికి ప్రొస్టేటులో పుట్టిన క్యాన్సరు ఎముకల్లోకి పాకింది. ఊరికి మాత్రం నడుం జబ్బుతో పోయాడని చెప్పాం. ఆ చోటి జబ్బు పేరు పైకి చెప్పడం మా ఇంటా వంటా లేదు.

పీటతోపాటు ఆ నిష్ఠ కూడా నాకు వచ్చింది. సభ రోజు నేనూ నీళ్ళు తాగేవాణ్ణి కాదు. యాభై దాటిన తరవాత ఆ నిష్ఠ నాకు అవసరం కూడా అయింది. ధార సన్నబడింది. వచ్చినట్టే వచ్చి ఆగిపోయేది. పోయి వచ్చిన కాసేపటికే మళ్ళీ పోవాలనిపించేది. వయసులే అని సరిపెట్టుకున్నాను. నా భార్య సరిపెట్టుకోలేదు.

"నెల్లూరు పోయి చూపించుకోవయ్యా," అంది ఒకరోజు చేపలు తోముతూ.

"మగోళ్ళ సంగతి నీకెందుకే?"

"మా మామ కూడా అదే మాట అన్నాడు. ఆయన పంచెల్లో నెత్తురు చూసింది నేనే. ఎవురికీ చెప్పొద్దమ్మా అన్నాడు, చెప్పలా. ఇంకోసారి నోరు మూసుకోని ఉండలేను."

ఆమె చెయ్యి ఆగలేదు, తల కూడా ఎత్తలేదు. మర్నాడు బస్సెక్కాను.

డాక్టరు నాకంటే చిన్నవాడు. మీ నాన్నగారు ఏ జబ్బుతో పోయారని అడిగితే, అలవాటు కొద్దీ నడుం జబ్బు అన్నాను. ఆయన కలం పక్కన పెట్టి నా మొహం చూశాడు. అప్పుడు నిజం చెప్పాను. నీళ్ళు మానే నిష్ఠ గురించి కూడా చెప్పాను.

"అది నిష్ఠ కాదేమో సార్," అన్నాడు మెల్లగా. "ఆయన మధ్యలో లేవాల్సి వస్తుందని భయపడి ఉంటారు."

పక్కకు తిరిగి, మోకాళ్ళు పొట్టకు చేర్చి పడుకోమన్నాడు. ఒకరి ముందు అలా ముడుచుకుని పడుకోవడం నాకు చావుతో సమానం. గోడ వైపు చూస్తూ ఉండగానే పరీక్ష అయిపోయింది. తొడుగు వేసుకున్న వేలితో వెనకనుంచి ప్రొస్టేటు గ్రంథి ఎంత ఉందో, ఎక్కడైనా గట్టిపడిందో చూస్తారట. ఇన్నేళ్ళు నేను భయపడినదానికి పట్టిన సమయం చాలా తక్కువ. తరవాత రక్తపరీక్ష, స్కాను, చిన్న ముక్క తీసి మరో పరీక్ష. క్యాన్సరు లేదు, గ్రంథి పెరిగిందన్నారు. మాత్రలు ఇచ్చారు.

"తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సరు ఉంటే నలభై అయిదు నుంచే డాక్టరుతో మాట్లాడాలి. లేనివాళ్ళు కూడా యాభై వచ్చాక ఊరుకోకూడదు," అన్నాడు డాక్టరు. "మూత్రంలో రక్తం పడితే ఏ వయసువాళ్ళయినా వెంటనే రావాలి. కుర్రవాళ్ళకు వృషణంలో గడ్డ తగిలితే, నొప్పి లేదు గదా అని దాచుకోవద్దని మీ ఊళ్ళో చెప్పండి. మీరు మాత్రం నీళ్ళు మానొద్దు, ఆపుకోవద్దు. ఆపుకుంటూ పోతే మూత్రసంచి, కిడ్నీలు పాడవుతాయి."

మళ్ళీ సభ వచ్చింది. ఒకరి పడవ ఇంకొకరి వల మీదుగా పోయి వల తెగింది. ఆ పొద్దున నేను నీళ్ళు తాగి వెళ్ళాను. రెండు పక్షాలూ గట్టిగా అరుచుకుంటుండగా నాకు ఇక ఆపుకోలేననిపించింది. పళ్ళు బిగిస్తే ఇంకాసేపు కూర్చోగలను. నాయన అలాగే కూర్చున్నాడు.

లేచాను.

అరుపులు ఆగిపోయాయి. ఎడమ పక్కనుంచి బావ అన్నాడు: "ఏంది బామ్మర్దీ, పీట గుచ్చుకుంటా ఉండాదా?"

"ఒంటికి పోవాల. డాక్టరు ఆపుకోవద్దన్నాడు," అన్నాను అందరికీ వినబడేలా. "మా నాయన ఈ పీట మీద ఆపుకోని ఆపుకోని కూర్చున్నాడు. ఆయనకొచ్చింది నడుం జబ్బు గాదు. ప్రొస్టేటు క్యాన్సరు. దాచిపెట్టుకున్నాడు, మేమూ దాచినాం. పీట కావాలంటే తీసుకో బావా."

సరుగుడు తోపులోకి నడిచాను. వెనక ఇసుకలో అడుగుల చప్పుడు వినబడింది. బావ వచ్చి అవతలి చెట్టు దగ్గర నిలబడ్డాడు.

"నువ్వు లేస్తేనే గదా మేం లేవాల," అన్నాడు. "ఇన్నేండ్లూ నీ వీపు చూస్తా బిగబట్టుకోని కూర్చుంటి. నువ్వేమో రాయి మాదిరి కదలకపోతివి."

నేను పని ముగించి చాలాసేపు ఎదురుచూశాను. బావ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. నాయన పెరటి గోడ వెనక నిలబడ్డట్టే.

"నెత్తురేమైనా పడతా ఉండాదా బావా?" అని అడిగాను.

"అప్పుడప్పుడూ," అన్నాడు చెట్టు వైపే చూస్తూ. "మీ అక్కకు చెప్పబాక."

"ఆమెకు తెలిసే ఉంటాది. గుడ్డలుతికేది ఎవురనుకున్నావు?"

తిరిగి వచ్చేసరికి పీట ఖాళీగానే ఉంది. దాని మీద కూర్చోమని బావ చేత్తో చూపించి తన చోట ఇసుకలో కూర్చున్నాడు. వల తగాదా తేల్చి లేచాను. నాతోపాటు ముసలివాళ్ళు కొందరు గబగబా తోపు వైపు నడిచారు. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఐసు షెడ్డులో సెలవు చెప్పి, బావను మొదటి బస్సులో నెల్లూరు తీసుకెళ్ళాను. డాక్టరు గదిలోకి పోతూ బావ తన తువ్వాలు నా చేతికిచ్చి, తలుపు దగ్గరే ఉండమన్నాడు.

ఆయన పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి.