గంగ వెనక్కి పారిందన్నందుకు

నా చిన్నప్పుడు హౌరాలో మా వీధి చివరే గంగ రేవు ఉండేది. మా తెలుగు బడికి పాఠ్యపుస్తకాలు ఆంధ్రా నుంచి వచ్చేవి. ఒక ఏడాది సైన్సు మాస్టారు కూడా అక్కడి నుంచే కొత్తగా వచ్చారు.

పరీక్షలో ఆయన ‘నది నీరు ఎప్పుడూ సముద్రం వైపే పారుతుంది, అవునా కాదా’ అని అడిగారు. నేను ‘కాదు’ అని రాశాను. సముద్రానికి పోటు వచ్చినప్పుడు మా రేవులో నీరు వెనక్కి నడవడం రోజూ చూసేదాన్ని మరి. మాస్టారు దాన్ని కొట్టేసి, అందరికీ చదివి వినిపించారు.

“ఏమ్మా, మీ గంగకి దారి మరిచిపోయే జబ్బుందా?”

తరగతంతా పగలబడి నవ్వింది. నవ్విన వాళ్లంతా ఆ రేవులో ఈతలు కొట్టేవాళ్లే. పక్కన కూర్చున్న పిల్ల నా చెవిలో, “నీకేటి పిచ్చా? మాస్టారికేటి కావాలో అది రాసిచ్చెయ్. గంగ సంగతి గంగ సూసుకుంటాది,” అంది.

కాలేజీలో సైన్సు చదువుతున్న పక్కింటి అక్కకి ఏడుస్తూ చెప్పాను. ఓదార్చలేదు. రేవుకి తీసుకెళ్లి మెట్ల మీద కూర్చోబెట్టింది. గుర్రపుడెక్క గుబుర్లు కింద బడ్జ్ బడ్జ్ ఊరి మీదుగా సముద్రం వైపు కొట్టుకుపోతున్నాయి. చాలాసేపటికి నిలిచిపోయాయి. ఆ తర్వాత మెల్లగా వెనక్కి మళ్లాయి.

“రేపు మాస్టార్ని ఇక్కడికి తీసుకురా.”

“నువ్వూ రా అక్కా.”

“నానొస్తే అది నా మాటైపోద్ది. సూసింది నువ్వు.”

ఒక్కదాన్నే వెళ్లి అడిగాను. మాస్టారు వచ్చారు, చూశారు, వెళ్లిపోయారు. మర్నాడు తరగతిలో, “ఈ అమ్మాయి రాసింది నిజమే. మీలో ఇంకొక్కరికైనా ఈ సంగతి ముందే తెలిస్తే చెయ్యెత్తండి, అందరి కాగితాలూ మళ్లీ దిద్దుతాను,” అన్నారు.

ఒక్క చెయ్యీ లేవలేదు. మళ్లీ దిద్దితే వాళ్ల ‘అవును’కి వచ్చిన మార్కు పోతుంది. నేను వెనక్కి తిరిగి ఒక్కొక్కరి ముఖం చూశాను. అందరూ బెంచీ కేసి చూస్తున్నారు. నా మార్కు నాకు రాలేదు.

ఆ పిల్లల పేర్లన్నీ ఇప్పటికీ చెప్పగలను. తోడు రాని అక్క మీద కూడా చాలా ఏళ్లు కోపం ఉండేది. ఇప్పుడు మా మనవరాలు ఫోన్లో సైన్సు పరీక్షలు రాస్తూ, “నిజం సంగతి తర్వాత అమ్మమ్మా, దేనికి మార్కు పడుద్దో అదే నొక్కాలి,” అంటుంది. దానితో వాదిస్తాను. అది నవ్వి తలుపేసుకుంటుంది.

అక్క ఆ రోజు నాతో వచ్చి ఉంటే బహుశా నాకు మార్కు వచ్చేది. ఒంటరిగా లేచి నిలబడడం మాత్రం వచ్చేది కాదు. మా ఫ్లాట్ల మీటింగుల్లో నాకు గొడవ మనిషినని పేరు. చూసింది చూసినట్టు చెబుతాను. చెప్పేటప్పుడు అటూ ఇటూ చూడను. నా వైపు ఎవరున్నారా అని వెతికితే గొంతు పెగలదని నాకు తెలుసు.