నాలుగో కిలోమీటరు తల్లి

జగ్గమ్మత్త నెత్తి మీదికి గంప ఎత్తడం నా పని. ఇంటర్ మధ్యలో ఆగిపోయినప్పటి నుంచి చేస్తున్నాను. నిండు చేపల గంప ఒక్క మనిషి ఎత్తుకోగలిగేది కాదు. ఆవిడ వంగితే నేను లేపాలి. అందుకే బైపాస్ మీద అమ్మవారు ఎలా వెలిసిందో దగ్గరుండి చూసినదాన్ని నేనొక్కదాన్నే.

అత్త తెల్లవారగానే సముద్రపు ఒడ్డున కవ్వళ్ళు, కానాగంతలు లాంటి చేపలు కొని శ్రీకాకుళం మార్కెట్లో అమ్ముతుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే బతుకు. ఎనిమిదిలోపు చేరాలి. ఎనిమిది దాటితే చేప మెత్తబడుతుంది, కొనేవాళ్ళు కోళ్ళ దుకాణానికి పోతారు. ఐసు ఆవిడకు గిట్టదు. "ఐసేస్తే సేప సచ్చిపోతాది" అంటుంది, ఎప్పుడో చచ్చిన చేపలకు ఉప్పూ పసుపూ రుద్దుతూ.

ఆరున్నర బస్సు ఆవిడ గుమ్మం ముందే ఆగేది. కండక్టరు పోతురాజు గంప అందుకుని వెనక సీటు కింద పెట్టేవాడు.

"అత్తా, నీ కంపుకి బస్సులో దొంగలు కూడా ఎక్కరు" అనేవాడు.

"నా సేపల పులుసు తిన్ననాడు నోరెత్తవేటిరా?" అనేది.

పోయినేడాది బైపాస్ వచ్చింది. దానివల్ల బస్సుకు పదకొండు నిమిషాలు కలిసొచ్చాయట. ఆ పదకొండు నిమిషాలూ మా ఊరే. ఊళ్ళో బస్సు షెల్టరు మాత్రం మిగిలింది. బైపాస్ మొదలైన రోజున దానికి కొత్త రంగులు కూడా వేశారు. అత్త రెండు కిలోమీటర్లు నడిచి, బైపాస్ ఎక్కి చెయ్యి ఊపింది. బస్సు ఆగలేదు. ఆటోవాళ్ళు చేపలు ఎక్కించుకోరు. అర్జీ పట్టుకుని వెళితే ఇంజనీరు మర్యాదగానే మాట్లాడాడు. రోడ్డుకైతే నిధులున్నాయి, బస్సు ఆపడానికి లేవు అన్నాడు.

"ఆగడానికి డబ్బులేటి బాబూ? పోడానికి కదా డీజిలు?" అంది అత్త.

ఆయన ఆ మాట కూడా రాసుకున్నాడు.

అయినా రోజూ వెళ్ళేవాళ్ళం. ఏ లారీ అయినా దయతలిస్తే అత్త ఎక్కేది. లేకపోతే చేపలు ఊళ్ళోనే అయినకాడికి పోయేవి. కాచుకున్నంతసేపూ గంపను కిలోమీటరు రాయి మీద ఆనించేవాళ్ళం. పసుపు నీళ్ళు కారీ కారీ నెల తిరిగేసరికి రాయి పచ్చగా అయింది. దాని మీది నాలుగు అంకె కనపడకుండా పోయింది.

ఒక ఉదయం సాలూరు లారీ ఒకటి ఆగింది. పసుపు రాయిని దాటుకుని పోవడానికి మా వైపు ఏ డ్రైవరుకీ ధైర్యం చాలదు. ఈ డ్రైవరు దిగి, చెప్పులు విప్పి, రాయికి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు.

"ఏ తల్లి?" అని అత్తను అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోగా, "సేపల వాసనొస్తన్నాది. గంగమ్మ తల్లే" అని తనే తేల్చుకుని, అత్తను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయాడు.

వారానికి రాయికి చీర వచ్చింది. ఆ పై వారానికి రేకుల పందిరి లేచింది. ఆ తరువాత ఆరున్నర బస్సు కూడా ఆగింది. అత్త గంపతో పరిగెత్తింది. పోతురాజు తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"ఇది స్టాపు కాదత్తా. తల్లికి దండమెట్టుకోడానికి ఆగినాం."

"ఆగింది కదరా!"

"ఆగింది. కానీ స్టాపు కాదు. దిగొచ్చు, దండమెట్టొచ్చు. ఎక్కకూడదు."

"మరి దిగినోళ్ళు ఎలాగెక్కుతారు?"

"ఆళ్ళు ముందే ఎక్కినోళ్ళు."

బస్సు ఇరవై నిమిషాలు ఆగి వెళ్ళిపోయింది. చేపలు మళ్ళీ ఇంటికి మోసుకొచ్చాం. రోజూ అదే వరస.

నాలుగో కిలోమీటరు రాయి కనిపించడం లేదని ఇంజనీరు వెతుక్కుంటూ వచ్చాడు. మూడుసార్లు టేపు పట్టి కొలిచాడు. మూడుసార్లూ కొలత అమ్మవారి దగ్గరే ఆగింది. చివరికి బూట్లు విప్పి దండం పెట్టుకుని, రాయి పోయిందని రాసుకున్నాడు. ఇక్కడ బండ్లు ఆగిపోతున్నాయి కాబట్టి తల్లిని తప్పించి ఇంకో బైపాస్ వేస్తారట. మర్నాటికల్లా పొలాల్లో, మరో రెండు కిలోమీటర్ల అవతల, ఎర్ర గుడ్డలు కట్టిన సర్వే గూటాలు దిగాయి.

అత్త ఆ గుడ్డలకేసి చాలాసేపు చూసింది.

"అక్కడిదాకా నేను నడవలేనే" అంది. ఆవిడ నోట ఆ మాట అంతవరకు నేను వినలేదు.

మరుసటి ఉదయం డ్రైవరూ ప్రయాణికులూ పందిరిలోకి వెళ్ళాక, అత్త పోతురాజును బస్సు వెనక్కి పిలిచింది.

"ఒరే, అది తల్లి కాదు. నా సేపల పసుపు. సూడు" అంటూ గంప వంచింది. పసుపు నీళ్ళు అతని బూటు మీద కారాయి.

ఈ తల్లికి మొక్కుకున్నాకే పోతురాజు బదిలీ ఆగింది. మొక్కు తీర్చి నాలుగు రోజులు కాలేదు. నున్నటి గుండు తడుముకున్నాడు.

"ఈ మాట ఎవలికైనా సెప్పినావా?"

"ఇంకా లేదు. మార్కెట్టుకెల్తే నాకు సెప్పే తీరికుండదు. ఎల్లకపోతే ఇక్కడే కూకుని, వచ్చిన ప్రతోడికీ సెప్తాను."

పందిరిలో గంట మోగుతోంది. పోతురాజు అటూ ఇటూ చూసి, గంపను నా చేతుల్లోంచి తనే లాక్కున్నాడు.

"ఎక్కు. టికెట్టక్కర్లేదు."

"కొట్టు. దొంగతనంగా ఎక్కడం నాకలవాటు లేదు."

మిషన్లో ఈ చోటు పేరు లేదు. బస్సు బయల్దేరిన మొదటి స్టాపు నుంచి కొట్టాడు. ఎక్కువ పడిందని అత్త గొణిగింది. బస్సు కదిలేసరికి ఏడు దాటి ఐదు నిమిషాలు. ఎనిమిదిలోపు చేరిపోతుంది.