రాయి విసిరినవాడి ప్రార్థన

చేసిన తప్పు ఒప్పుకోకుండా, దాని ఫలితం మాత్రం తప్పించమని మీరెన్నడైనా దేవుణ్ణి అడిగారా? నేను అడిగాను. ఊరందరి చేత అడిగించాను. ఆ బరువును ఇన్నేళ్ళూ ఒక్కణ్ణే మోశాను.

పంతొమ్మిది వందల అరవైతొమ్మిది. ప్రత్యేక తెలంగాణ కోసం కాలేజీలు మూతపడ్డాయి. మొయినాబాద్ దగ్గర చేవెళ్ళ బస్సును ఆపాం. ఆపితే సరిపోయేది. నేను రాయి విసిరాను. ఎందుకు? ఆవేశమని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి పక్కవాళ్ళు చూస్తున్నారని విసిరాను. డ్రైవర్ కనుబొమ్మ చిట్లింది. అందరం పరుగెత్తాం. మా పెద్దమ్మ కొడుకు దేవదాసు ఒక్కడే ఆగి, డ్రైవర్‌ను పట్టుకుని కిందికి దించాడు. అంగీ మీద రక్తం చూసి పోలీసులు ఆయన్నే తీసుకుపోయారు.

ఆదివారం చర్చిలో లేచి, అన్న విడుదల కోసం పైకి ప్రార్థించి, మీరూ ప్రార్థించమని సంఘాన్ని కోరాను. కన్నీళ్ళు నిజమైనవే. లోపలి ప్రార్థన వేరు: ప్రభువా, అన్న రావాలి, నా పేరు రాకూడదు. అది భక్తా, బేరమా? బయట పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“మంచిగ ప్రార్థన చేసినవ్ బిడ్డా. పాస్టర్ కన్న నీ నోరే నయం.”

“దేవుడున్నడు పెద్దమ్మా.”

“దేవుడు యాడికి పోతడురా? రాయి ఇసిరినోడు యాడ వోయిండో, గది జెప్పు.”

ఆ జవాబు వినకుండానే కొన్నేళ్ళకు ఆమె కన్నుమూసింది.

అన్న ఇంటికి వచ్చాడు గానీ కేసు పోలేదు. చేతికి వచ్చిన టీచర్ ట్రైనింగ్ సీటు పోయింది. ప్రార్థన ఫలించినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం మా సంఘం ఆనవాయితీ. నేను లేచాను! దేవుడు నా మొర విన్నాడన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. అన్న కూడా అన్నాడు.

తర్వాత హేతువాదినయ్యాను. ప్రార్థన వ్యర్థమని వేదికలెక్కి వాదించి గెలిచాను. దేవుణ్ణి వదిలేశాను, అబద్ధాన్ని మాత్రం భద్రంగా దాచుకున్నాను. లేని దేవుడికి జవాబు చెప్పక్కరలేదు, సరే. మోకిల దారిలో కౌలు పొలం చేసుకుంటూ, బస్సు మీద రాయి వేసినవాడిగా ఊరి నోట్లో నానుతూ బతుకుతున్న అన్నకు?

పోయిన ఆదివారం మళ్ళీ ఆ చర్చికి వెళ్ళాను. సాక్ష్యాల వేళ లేచాను. రాయి నాదని, అన్న చేసింది గాయపడ్డవాణ్ణి ఆదుకోవడమేనని, ఆనాడు చేతులు జోడించి నేను కోరింది నా రక్షణేనని చెప్పాను. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. అన్న నా వైపు చూడకుండా లేచి వెళ్ళిపోయాడు. క్షమించలేదు. నేను అడగనూ లేదు. కానీ పొద్దుగూకేసరికి ఊరు వేలెత్తి చూపింది నన్ను. ఇన్నేళ్ళకు అన్న మీద ఆ మాట పోయింది. ఎన్ని సభలు గెలిచినా, అంత తల ఎత్తుకుని నేను ఎప్పుడూ ఇంటికి రాలేదు.

మీరు ఈ రోజు మొక్కడానికి కూర్చోబోతుంటే ఆగండి. చెప్పులు వేసుకోండి. మీ తప్పు ఎవరి మీద పడిందో వాళ్ళ వాకిలికి వెళ్ళి, పదిమంది వింటుండగా చెప్పండి.