రాత్రి నీతోని ఎవరు తింటరు?

ఈ సాయంత్రం కింది వాటాలో ఎవరో ఎండుమిరపకాయలు కాల్చారు. ఆ ఘాటు మెట్లెక్కి, తలుపు కింది సందులోంచి దూరి నా గదంతా నిండింది. దగ్గుతూ లేచి కిటికీ తెరవాల్సింది పోయి అలాగే కూర్చుండిపోయాను. కాల్చిన మిరపకాయలు చింతపండు పులుసులో నలిపి, ఉల్లిపాయ ముక్కలు, నువ్వుల పొడి కలిపితే పచ్చిపులుసు. అది వేడి కిచిడీలో పోసుకుని తినాలని కాకినాడ నుంచి వచ్చిన నాకు నేర్పింది అనసూయ మేడమ్. నాచారంలో ఈ వాటా నాకు అద్దెకు ఇప్పించింది కూడా ఆవిడే. ఆవిడ పోయాక ఈ ఇంట్లో నేను మిరపకాయలు కాల్చలేదు. ఒక్కదానికోసం పచ్చిపులుసు చేసుకోవాలంటే చేతులాడవు.

మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. హబ్సిగూడలో మందుల దుకాణం మీది గదిలో మ్యూచువల్ ఫండ్ల ఆఫీసు నడిపేది. భర్త రైల్వేలో చేసేవారట. ఆయన ఉన్నన్నాళ్ళూ మౌలాలి క్వార్టర్లలో, ఆయన పోయాక అద్దె ఇళ్ళలో బతికింది. పిల్లల్లేరు. ముతక నేత చీర, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, మనిషిని చూస్తే కోపిష్టి అనిపించేది. నిజంగానే కోపిష్టి. ఫోనులో ఎవరైనా "ఏ ఫండు బాగా పెరుగుతుంది?" అని అడిగితే, "నాకు తెల్వదు, తెల్సినోళ్ళను అడుగు" అని పెట్టేసేది. వచ్చి ఎదురుగా కూర్చున్నవాళ్ళకు మాత్రం ముందు టీ తెప్పించేది. డబ్బు సంగతి ఎత్తకముందే, అందరినీ ఒకటే ప్రశ్న అడిగేది. రాత్రి నీతోని ఎవరు తింటరు?

నన్నూ అడిగింది. అప్పటికి నాకూ నా భర్తకూ విడాకులై, ఉప్పల్‌లో ఇద్దరం కలిసి కొన్న ఫ్లాటు అమ్మేశాక నా వాటా డబ్బు చేతికొచ్చింది. దాంతో ఇంకో ఫ్లాటు రాదు. అద్దెకు వెళ్దామంటే ఇంటివాళ్ళు "మీ ఆయన ఎక్కడ చేస్తారమ్మా?" అని అడగడం, నేను నిజం చెప్పడం, మర్నాడు వాళ్ళ బంధువులెవరో ఆ ఇంట్లో దిగబోతున్నారని కబురు రావడం. విసిగిపోయి లేడీస్ హాస్టల్‌లో పడ్డాను. ఆ రోజుల్లోనే ఒక రియల్ ఎస్టేట్ ఫండు ప్రకటన చూశాను. అందులో తాళంచెవి బొమ్మ ఉంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నేను మనసు పారేసుకుంది ఆ తాళంచెవి మీదే. ఉన్నదంతా అందులోనే పెడతానని మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

"రాత్రి నీతోని ఎవరు తింటరు?" అంది.

"ఎవరూ లేరండీ. హాస్టల్ మెస్సులో తింటాను" అన్నాను. ఏమనుకున్నానో, నోరూరుకోక "మరి మీతో ఎవరు తింటారండీ?" అని అడిగేశాను.

ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. తుడిచిందే తుడిచింది. మళ్ళీ పెట్టుకుని, "గీ బేస్తవారం మా ఇంటికి తిననీకె రా. కిచిడి జేస్త" అంది. బేస్తవారం అంటే గురువారం. అప్పటినుంచి గురువారాలు మావి. నాకు ఈ వాటా దొరికాక ఆవిడే డబ్బా కట్టుకుని ఇక్కడికి వచ్చేది. శనివారాలు నాకు సెలవు గనక ఆవిడ ఆఫీసులో కూర్చుని పనిలో సాయం చేసేదాన్ని. నా డబ్బు మాత్రం ఎటూ తేలకుండా బ్యాంకులోనే ఉంది. వెంటనే ఏదీ కొననివ్వలేదావిడ.

ఒక గురువారం నన్ను మల్లాపూర్ వైపు నడిపించుకుపోయింది. ఒక ఫ్యాక్టరీ మూతబడి ఉంది. దానికెదురుగా టిఫిన్ సెంటరు, సైకిల్ రిపేరు దుకాణం, వాటికీ తాళాలే. "సూసినవా, ఒక్కదాన్ని నమ్ముకున్న గల్లీ ఇది. అది నడిస్తే అందరు మస్తుగ నడిసిన్రు. అది బందైతే అందరు బందు. నీ రియల్ ఎస్టేట్ ఫండు గిసొంటిదే. ఇండ్లు గట్టే కంపెనీలు, ఆఫీసులు కిరాయికిచ్చే కంపెనీలు, అన్ని ఒక్క దందల ఉంటయి. వడ్డీలు పెరిగితే, కొనేటోళ్ళు తగ్గితే, అన్నింటికి ఒక్కసారే జరం వస్తది" అంది.

"మరి మీరు అందరికీ చెప్పే ఇండెక్స్ ఫండు?"

"అది హబ్సిగూడ రోడ్డు. బ్యాంకుంది, మందులున్నయి, సబ్బులమ్మేటోడున్నడు, సాఫ్ట్‌వేరోడున్నడు. ఇండ్లు గట్టేటోడు గూడ ఒక మూలకు ఉంటడు. ఒకడు మూసుకుంటే ఇంకొకడు తెరుస్తడు. దేశంల పెద్ద కంపెనీలు ఎన్నుంటే అన్నిట్ల జరంత జరంత కొంటది. ఏది మంచిదని ఏరేటోడు ఉండడు, అందుకే ఖర్చు గూడ తక్కువ."

"అయితే అది పడదా?"

"ఎందుకు పడదు? రోడ్డంత కర్ఫ్యూ వెడితే అందరిది బందే. కని మల్ల తెరుస్తరు. గల్లీ తెరుస్తరో లేదో నేను జెప్పలేను. నీ గల్లీ ఒక్కోపారి రోడ్డు కంటే జోరుగ గూడ నడుస్తది, అబద్ధమెందుకు?"

అంతా అర్థమైంది. అయినా మనసు తాళంచెవి దగ్గరే ఉంది. రోడ్డంతా నాదైతే నాకేం లాభం, పడుకోవడానికి గది కావాలి గానీ, అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. ఆవిడకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ తర్వాత ఒక శనివారం మౌలాలి నుంచి మల్లేశం అని ఒక పెద్దాయన వచ్చాడు. మేడమ్ భర్తతో రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో గుడ్డ సంచి. సంచిలోంచి కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, కర్పూరం తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరో ఏజెంటు మాట విని రియల్ ఎస్టేట్ ఫండులో డబ్బు పెట్టాడట.

"చెల్లె, మా బిల్డింగ్ యాడుందో జర జూపియ్యి. మంచి దినం, కాయ గొడ్త" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మేడమ్ నా వైపు ఒక చూపు చూసింది. నవ్వు గొంతులోనే చచ్చింది. ఆవిడ ఆటో పిలిచి, మా ఇద్దరినీ ఎక్కించి, ఉప్పల్ రోడ్డులో ఒక అద్దాల ఆఫీసు భవనం ముందు దింపింది. "నీ పైసలు గిసొంటి బిల్డింగుల వెట్టిన్రు అన్నా. గిదేనని జెప్పలేను" అంది. మల్లేశం తలెత్తి పైదాకా చూశాడు. చెప్పులు విడిచి గేటు దాకా నడిచాడు. సెక్యూరిటీ అతను "ఐడీ కార్డుందా పెద్దాయనా?" అని అడ్డం నిలబడ్డాడు. లేదన్నాడు. వెనక్కొచ్చి, ఫుట్‌పాత్ అంచుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టాడు. ఒక చిప్ప ఆ సెక్యూరిటీ అతనికే ఇచ్చాడు.

ఆటోలో తిరిగి వస్తూ, "అయితే ఇందుల నన్ను ఉండనియ్యరా?" అని అడిగాడు.

"ఉండనియ్యరు అన్నా. లాభమొస్తే పైసలు పెరుగుతయి, గంతే. రాత్రి నీతోని ఎవరు తింటున్నరు గిప్పుడు?"

ఆయన కొబ్బరి నీళ్ళకు తడిసిన చేతిని చొక్కాకు తుడుచుకున్నాడు. "మీ వదిన పోయినంక ఒక్కన్నే. సొంతిల్లయితే ఎవరన్న వస్తరనుకున్న" అన్నాడు.

ఆయన వైపు చూడలేకపోయాను. చెప్పులు విడిచి ఆ గేటు ముందు నిలబడింది నేనే అనిపించింది. నా చేతిలో కొబ్బరికాయ లేదు, అంతే తేడా. హబ్సిగూడలో దిగాక మేడమ్ నాతో అంది: "ఇల్లు కొనేటప్పుడు ఇల్లు కొను. ఫండు కొనేటప్పుడు ఫండు కొను. నీకు గావాల్సింది మనిషి. అది రెండింట్ల లేదు. గా సంగతి తెల్సుకొని ఏది కొన్నా నాకు ఫికర్ లేదు."

ఆ సోమవారం నా డబ్బు ఇండెక్స్ ఫండులో పెట్టాను. మల్లేశం కోపంతో ఉన్న ఫండు అమ్మేస్తానంటే మేడమ్ ఆపి, ఇకమీద పెట్టేది మాత్రం ఇండెక్స్‌లో పెట్టమంది. గురువారం కిచిడీకి ఆయన్నీ పిలిచింది. మోకాళ్ళు మెట్లెక్కనిచ్చినన్నాళ్ళు వచ్చాడు పాపం. తర్వాత ఒకసారి మార్కెట్టు ఘోరంగా పడింది. నేను గాభరాగా ఫోన్ చేస్తే, "ఫండు అమ్మకు, అన్నం వండు, నేనొస్తున్న" అని, ఆ రోజు గురువారం కాకపోయినా పచ్చిపులుసు పట్టుకుని వచ్చేసింది. తిన్నంతసేపూ ఫండు మాట ఎత్తనివ్వలేదు. కొన్నాళ్ళకు మార్కెట్టు తేరుకుంది. నేనెప్పుడు తేరుకున్నానో మాత్రం నాకు గుర్తులేదు.

నేను చేస్తున్న కంపెనీ ఉద్యోగం మాని, ఫండ్లు అమ్మడానికి కావాల్సిన పరీక్ష రాసి, ఆవిడ దగ్గరే పూర్తిగా చేరిపోయాను. జ్వరమని దవాఖానాలో చేర్చిన వారం తిరక్కముందే ఆవిడ పోయింది. ఆవిడ చెల్లెలి కొడుకులు వచ్చి దేహాన్ని జనగామ తీసుకుపోయారు. నేను ఆవిడకేమవుతానో వాళ్ళకు చెప్పడం రాలేదు. "ఆఫీసులో పనిచేస్తాను" అన్నాను. "అట్లనా" అన్నారు.

ఇప్పుడా బల్ల వెనక నేను కూర్చుంటున్నాను. నా డబ్బు బాగానే పెరిగింది. ఇల్లు కొనలేదు, కొనాలన్న తపన కూడా పోయింది. రియల్ ఎస్టేట్ ఫండు కావాలని వచ్చేవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. టీ తెప్పించి ముందు ఆవిడ ప్రశ్నే అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు అత్తగారి మీద చాడీలు చెప్తారు, కొందరు కిటికీలోంచి మెట్రో వైపు చూస్తూ "ఎవరూ లేరు" అంటారు. అందరూ జవాబు చెప్పి ఫండు సంగతిలోకి వెళ్ళిపోతారు. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళు వచ్చింది అందుకే.

మొన్న ఒక అమ్మాయి వచ్చింది. హాస్టల్లో ఒంటరిగా ఉంటుందట. "నేనొక్కదాన్నే తింటాను మేడమ్" అని, నా ముఖంలోకి చూసి, "మరి..." అంటూ ఆగింది. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది: ఈ గురువారం మా ఇంటికి రా.

"మరి, పాన్ కార్డు జిరాక్సు చాలా మేడమ్?" అంది.

చాలన్నాను. ఆ అమ్మాయి వెళ్ళాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను. నేను వచ్చి ఆ ప్రశ్న ఆవిణ్ణే తిరిగి అడిగేదాకా, అనసూయ మేడమ్ ఆ కుర్చీలో ఎన్నేళ్ళు ఎదురుచూసిందో అప్పుడు తెలిసింది.